అమీను గారూ, డేరా ఎక్కడ వెయ్యమంటారు?

కార్తీకం రాగానే నాకు వచ్చే ఉత్తరాల రంగు మారిపోతుంది. మామూలు నెలల్లో మ్యుటేషన్ ఎందుకు ఆగింది, అన్నదమ్ముల వాటా ఎలా కొలవాలి అని అడిగే పాఠకులు చలి తగలగానే కొండలవైపు చూస్తారు. ఈసారి వచ్చిన పదకొండు ఉత్తరాల్లో ఏడింటిది ఒకటే పాట: ఊరికి దగ్గరలో, పైసా కట్టకుండా, సొంత డేరా వేసుకుని ఒక రాత్రి పడుకునే చోటు చెప్పండి. నన్ను అడగడంలో తప్పులేదు లెండి. ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ముప్పై మూడేళ్ళు అమీనుగా, అంటే భూమి కొలిచే ఉద్యోగిగా, సర్వే గొలుసు లాగినవాణ్ణి. ఇంట్లో పడుకున్న రాత్రుల కంటే చావిళ్ళలో, బడి వరండాల్లో, డేరాల్లో పడుకున్నవే ఎక్కువని మా ఆవిడ లెక్క. సరిహద్దు రాయి తగాదాల వాళ్ళు ఈ నెలకి ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేం నలుగురం, మధురవాడలో ఉద్యోగాలు. శనివారం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. అరకు, దేవమాలి వైపు ఎక్కడికెళ్ళినా టెంటుకి ఇంత, మనిషికి ఇంత, క్యాంప్ ఫైర్‌కి ఇంత అని బేరాలే. మాకు బాత్రూమ్ వద్దు, కరెంటు వద్దు, డీజే అసలే వద్దు. టెంట్లు మావే. ఒడిశా బోర్డర్‌లో ఫ్రీగా, ఎవరూ అడగని చోటు ఉంటే లొకేషన్ పంపండి. మ్యాప్‌లో చూస్తే పర్లాకిమిడి దాటాక కొండలన్నీ ఖాళీగానే ఉన్నాయి. – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాబూ, లొకేషన్ పంపను. మూడేళ్ళ క్రితం ఇదే శీర్షికలో ఒక మామిడితోపు ఆనవాళ్ళు చెప్పి లెంపలు వేసుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే తోపు నిండా సీసా పెంకులు. రైతు చుట్టూ ముళ్ళకంప కొట్టేశాడు. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడతాడు గానీ, టీ మాత్రం ఇవ్వడు. కాబట్టి చోటు చెప్పను, చోటు దొరికే పద్ధతి చెబుతాను. అది వస్తే ప్రతి శనివారం కొత్త చోట పడుకోవచ్చు.

ముందు ఆ 'ఎవరూ అడగని చోటు' సంగతి. నా సర్వీసు మొత్తంలో ఎవరిదీ కాని భూమి నాకు ఒక్క సెంటు కనపడలేదు. మీరు ఆంధ్రాలో పోరంబోకు అని ఒక్క మాటతో సరిపెడతారు. మా ఒడిశా రికార్డులో సర్కారు భూమికే రకరకాల ఖాతాలు. రఖిత్ అంటే ఒక పనికోసం తీసి పెట్టింది, పశువులు మేసే గోచర్ లాంటిది. సర్వసాధారణ అంటే దారులు, చెరువులు, పదిమందీ వాడుకునేవి. ఇవి కాక, సాగుకి పనికొచ్చే బంజరు ఒక ఖాతా, పనికిరానిది ఇంకో ఖాతా. మీలాంటి ఒక్క రాత్రి చుట్టానికి గోచర్, ఆ బంజరు ఖాతాలే నయం. పట్టా భూమి అయినా ఫర్వాలేదు, యజమాని సరే అంటే అంతకంటే దర్జా లేదు. భూలేఖ్ అని ఒడిశా సర్కారు వెబ్‌సైటు ఉంది. జిల్లా, తహసీలు, మౌజా (ఊరు), ప్లాటు నంబరు ఎంచుకుంటే ఖాతా ఎవరి పేరనుందో, భూమి కిసం, అంటే రకం, ఏమిటో ఉచితంగా చూపిస్తుంది. అంతా ఒడియా లిపి. ఫోనులో తర్జుమా చేసుకుంటే కిసం పేర్లు చిత్రవధ అయిపోతాయి, చదవడం వచ్చిన వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి.

అయితే రికార్డు చూసి మురిసిపోవద్దు. ఫోనులో గోధుమరంగుగా, ఖాళీగా మీకు కనిపించిన కొండ చాలాచోట్ల పోడు. నిరుడు కొర్రలో కందులో తీసి, ఈ ఏడు నేలకు ఊపిరి పోసుకోమని వదిలేసిన చెక్క. కాగితం మీద సర్కారుది, నోటి మాట మీద ఫలానా ఇంటి పెద్దది, ఆయన తాత కాలం నుంచి. 2006 అటవీ హక్కుల చట్టం కింద చాలామందికి ఇప్పుడు కాగితం కూడా వచ్చింది. మీరు మేకు దిగ్గొట్టింది వాళ్ళ వచ్చే ఏటి విత్తనం చోటులో.

ఇక పద్ధతి. విశాఖ నుంచి గుణుపూర్ వెళ్ళే పాసింజరు ఎక్కండి. నౌపడా దగ్గర మెయిన్ లైను వదిలి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా వెళ్తుంది. ఒకప్పుడు అది మా పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు. 1900లో మొదలై, వందేళ్ళకు పైగా నారోగేజి మీద కులుకుతూ నడిచి, 2011లో బ్రాడ్‌గేజి అయింది. దిగాక బస్సో ఆటోనో పట్టుకుని, తారు రోడ్డు వదిలి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి నడవండి. ఎలా చేసినా మధ్యాహ్నం మూడు కల్లా ఊళ్ళో ఉండాలి. చీకటి పడ్డాక నలుగురు కొత్త మొహాలు బ్యాగులతో దిగితే ఏ ఊరైనా కర్ర తీస్తుంది, మన ఊరు మాత్రం తీయదా?

ఊళ్ళోకి వెళ్ళగానే డేరా విప్పకండి. పెద్ద ఎవరో అడగండి. సవర ఊళ్ళో అయితే గొమాంగో, మిగతా చోట్ల వార్డు మెంబరో, గ్రామరఖి అని పిలిచే కాపలా మనిషో. పర్లాకిమిడి చుట్టూ తెలుగు నడుస్తుంది. లోపలికి వెళ్తే ఒడియా ముక్క ఒకటి నేర్చుకుని వెళ్ళండి: "ఆజ్ఞా, ఆమె ఆజి రాతి ఎఠి రహి పారిబు కి?" అయ్యా, మేం ఈ రాత్రి ఇక్కడ ఉండొచ్చా అని. మీ నలుగురిలో ఆడపిల్ల లేకపోయినా 'ఆమె' అనే అనాలి, ఒడియాలో దాని అర్థం 'మేము'. కొత్తగా కొలువుకి వచ్చిన తెలుగు గుమాస్తాలందరూ ఒకసారి ఈ మాట దగ్గర బోల్తా పడినవాళ్ళే.

అడిగితే కాదన్న ఊరు నాకు చాలా తక్కువగా తగిలింది. పంట కోసిన మడి చూపిస్తారు, తోపు చూపిస్తారు, మబ్బు వేస్తే బడి వరండా చూపిస్తారు. ఇది కొత్తగా పుట్టిన ముచ్చట కాదు. గొర్రెల కాపరులు కోతలయ్యాక మంద తోలుకొస్తారు. రైతే పిలిచి తన మడిలో మంద కట్టించుకుంటాడు. రాత్రంతా గొర్రెలు నేలకు ఎరువు పోస్తాయి, కాపరికి అన్నం రైతింటి నుంచి వస్తుంది. అడిగి పడుకోవడం అనేది ఈ నేల మీద ఎప్పుడూ ఉన్నదే. అన్నట్టు, దారిలో గొర్రెల కాపరి కనిపిస్తే ఆయన్నే అడగండి. ఎక్కడ నీళ్ళు, ఎక్కడ గాలి, ఎక్కడ ఎలుగు తిరుగుతోంది, అన్నీ ఆయన దగ్గరుంటాయి. మంద కట్టిన మడిలో మాత్రం పడుకోకండి, గోమార్లు పట్టుకుంటాయి.

ఒకసారి గుమ్మ బ్లాకులో ఒక సవర ఊళ్ళో నేనూ, గొలుసు పట్టే ఇద్దరూ గెడ్డ (కొండవాగు) పక్కన మెత్తని చోటు చూసుకుని డేరా విప్పుతున్నాం. గొమాంగో వచ్చాడు. ఏమీ అనలేదు. చెప్పులు లేని కాలి మడమతో మట్టి రెండుచోట్ల గిల్లి చూశాడు. ఒకచోట ఎర్రచీమల బారు బయటపడింది. తర్వాత చెయ్యి పైకెత్తి, కొండ మీది నుంచి గెడ్డ వైపు నెమ్మదిగా జార్చి చూపించాడు, నీళ్ళు పారినట్టు. నాకు అర్థం కాలేదు. మమ్మల్ని లేపి ఇరవై అడుగులు పైకి, ఒక బండరాయి చాటుకు మార్పించాడు. తెల్లవారి చూస్తే కింద మేం వెయ్యబోయిన చోట గడ్డి మంచుతో తెల్లబడి ఉంది, మా దగ్గర నేల పొడిగా ఉంది. రాత్రి చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి పారుతుందని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఫ్రీ అన్నారు కదా, అద్దె ఉండదు, నిజమే. చేతులూపుకుంటూ మాత్రం వెళ్ళకండి. నేను ఎప్పుడూ అరకిలో బెల్లం, పావుకిలో టీ పొడి సంచిలో వేసుకునేవాణ్ణి. వంట ఊళ్ళోనే చేయించుకుని కోడికీ బియ్యానికీ అడిగినంత ఇచ్చెయ్యండి, బేరమాడకండి. పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు పంచొద్దు. మందు అసలు తీసుకెళ్ళొద్దు. వాళ్ళు జీలుగు కల్లు పోస్తే అది వేరే విషయం, దాని మీద నేను తీర్పు చెప్పలేను, చెప్పే అర్హత నాకు లేదు.

వెళ్ళకూడని చోట్లు కూడా చెప్పేస్తాను. రిజర్వు ఫారెస్టు రాయి కనిపిస్తే ఇవతలే ఆగండి. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం, నిప్పు పెట్టడం నేరం. మా వైపు 1972 ఒడిశా అటవీ చట్టం, మీ వైపు 1967 ఆంధ్రా చట్టం, రెండూ ఈ మాటే చెబుతాయి. అభయారణ్యాలైతే ఇంకా గట్టి. మీ మధురవాడ వెనకే ఉన్న కంబాలకొండ అభయారణ్యమే, రాత్రి గోడ దూకి పడుకునే ఆలోచన ఉంటే మానుకోండి. మా గజపతి, గంజాం జిల్లాల మధ్య లఖారి అభయారణ్యం సుమారు 186 చదరపు కిలోమీటర్లు, ఏనుగుల ఇల్లు. అక్కడి ఏనుగులు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు దిగడం పేపర్లో చదివే ఉంటారు. డేరాలో పనసపండు, బియ్యం సంచి, ఇప్పసారా పెట్టుకుని పడుకున్న వాడికి ఏనుగు వచ్చిందని ఫిర్యాదు చేసే హక్కు లేదు.

దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తు. బోడికొండ, గాలి విపరీతం, చూడాల్సిందే. కానీ శనివారం పూట అక్కడ పడుకోవడం కంటే మీ జగదాంబ సెంటర్లో పడుకుంటే నయం. కావాలంటే మంగళవారం సెలవు పెట్టి వెళ్ళండి. అదే పొట్టంగి వైపు కోటియా ఊళ్ళున్నాయి. 21 ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి కోర్టులో కొట్టుకుంటున్నాయి. జనం మంచివాళ్ళే. రెండు సర్కార్ల జీపులూ ఒకేరోజు వచ్చినప్పుడు మధ్యలో మీ డేరా ఉండటం మాత్రం నాకు ఇష్టం లేదు.

అందరితో కలిసి, ఎవరూ ఏమీ అనకుండా ఒక రాత్రి కొండ మీద ఉండాలంటే మహాశివరాత్రికి మహేంద్రగిరి ఎక్కండి. 1501 మీటర్లు. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత గుళ్ళు. మీ మందస వైపు నుంచి, మా వైపు నుంచి జనం ఎక్కి జాగారం చేస్తారు. నిద్ర పట్టదనుకోండి, కానీ ఆ రాత్రికి నిద్రపోవడం ఎలాగూ పాపమే. మామూలు రోజుల్లో అయితే కింద అటవీ సిబ్బందిని అడిగి వెళ్ళండి.

ప్రశ్న: పిల్లలిద్దరికీ తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. వాళ్ళకి ఒక్కసారైనా టెంట్‌లో పడుకోవాలని ఆశ. ఋషికుల్య మొగ దగ్గర ఇసుకలో వేసుకుంటే తాబేళ్ళు కూడా చూడొచ్చని మావారు అంటున్నారు. డబ్బు పెట్టి రిసార్టుకి వెళ్ళే ఉద్దేశం లేదు. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర పల్లె. – బరంపురం నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో జవాబు చివరి వాక్యంలోనే ఉంది. అది తర్వాత చెబుతాను.

ఋషికుల్య మొగ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ ఒకేసారి వచ్చి గుడ్లు పెట్టే చోటు. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. అవి చీకట్లో సముద్రం మీది వెలుగును చూసి అటు పాకుతాయి. మీ పిల్లల చేతిలో టార్చి వెలిగినా, టెంటులో లాంతరు ఉన్నా దానివైపు తిరిగి, తెల్లారేసరికి కాకుల పాలవుతాయి. వాటికోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ చుట్టూ సముద్రంలో 20 కిలోమీటర్ల మేర చేపల వేట ఆపేస్తారు. అక్కడి బెస్త పల్లెల వాళ్ళు కడుపు మాడ్చుకుని కాపలా కాస్తుంటే మనం వెళ్ళి డేరా వెయ్యడం బాగోదు. సాయంత్రం వెళ్ళి, కాపలా వాళ్ళు ఉండమన్న దూరంలో ఉండి చూసి వచ్చెయ్యండి.

డేరా మీ పుట్టింటి పొలంలో వెయ్యండి. నవ్వకండి. మొదటిసారి పిల్లలతో పడుకునే రాత్రికి అంతకంటే మంచి చోటు నేను ఎక్కడా చూడలేదు. పిలిస్తే పలికే దూరంలో మీ అన్నగారు ఉంటారు, చిన్నవాడికి అర్ధరాత్రి భయం వేస్తే అమ్మమ్మ పక్కలోకి దూరిపోవచ్చు. అద్దె లేదు, అనుమతి అడిగితే మీ అమ్మగారు తిడతారు కూడా. రెండే జాగ్రత్తలు. కొబ్బరిచెట్టు కింద వెయ్యకండి, కాయ పడితే టెంటు గుడ్డ ఆపలేదు. ఏప్రిల్, మే నెలల్లో జీడితోట పక్కన వద్దు, జీడిపండు వాసనకి ఎలుగులు దిగుతాయి. ఆ వైపు ఉద్దానం వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: కాశీనగర్ దగ్గర వంశధార ఇసుక తిన్నెలు భలే ఉన్నాయి. చదునుగా, శుభ్రంగా, ఎవరి పొలమూ కాదు. అక్కడ వేస్తే మీ 'ఎవరిది' అనే గొడవ ఉండదు కదా? – హిరమండలం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇసుక నదిది. అది అడక్కుండా వచ్చి తీసుకుంటుంది.

1989 మే నెల. అప్పటికి గజపతి జిల్లా లేదు, మేమంతా గంజాం కిందే ఉండేవాళ్ళం, 1992 అక్టోబరు 2న విడదీశారు. నలుగురం ఎండిపోయిన గెడ్డలో డేరా వేశాం. పరుపులాంటి ఇసుక, ఆకాశం నిండా చుక్కలు. తాగడానికి ఇసుకలో చెలమ తవ్వుకున్నాం, అద్దంలాంటి నీళ్ళు. రాత్రి పదకొండింటికి దాహమేసి లేచి చెంబు ముంచాను. నోట్లో ఇసుక తగిలింది, ఒక ఎండుటాకు నాలుకకి అంటుకుంది. టార్చి వేసి చూస్తే చెలమ అంచున నురుగు. మా నెత్తిన చినుకు లేదు, ఎక్కడో ఎగువ కొండ మీద ఉరుము కూడా వినపడనంత దూరంలో కురిసింది. మిగతా వాళ్ళని తన్ని లేపాను. గట్టు ఎక్కి వెనక్కి తిరిగేసరికి డేరా లేదు. గొలుసు మర్నాడు అర మైలు దిగువన తుప్పకి చుట్టుకుని దొరికింది. ఫీల్డు బుక్కు దొరకలేదు, నెల రోజుల కొలతలు సముద్రంలో కలిశాయి. పై ఆఫీసరు చేత పడిన చీవాట్లు ఇక్కడ రాయలేను.

అందుకని నది ఇసుకలో వంట చేసుకోండి, ఆడుకోండి, గట్టు మీద పడుకోండి. నీటికి నా లెక్కలో మూడు గొలుసుల దూరం ఉండాలి. మా గొలుసు 66 అడుగులు, అంటే దాదాపు 200 అడుగులు. ఆ దూరమే ఇంకో పనికి కూడా. చిన్న పార తీసుకెళ్ళి జానెడు లోతు గొయ్యి తీసి, పని కాగానే మట్టి కప్పెయ్యాలి. ఊరివాళ్ళు తాగే ఊట ఏదో, పశువులు తాగే మడుగు ఏదో ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటాడు. శుక్రవారం సాయంత్రం కారులో గంట వెళ్ళి అడవిలో ఊరికే టెంట్ వేసుకుంటాడట. ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదట, ఎవరినీ అడగక్కర్లేదట. మన దేశంలో అలాంటి ఏర్పాటు ఎందుకు లేదు? – రాయగడ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ వాడు చెప్పింది నిజమే. ఫీనిక్స్ పక్కనే టోంటో జాతీయ అడవి ఉంది. అమెరికా నేలలో నాలుగో వంతుకు పైగా కేంద్ర ప్రభుత్వానిదే, సుమారు 64 కోట్ల ఎకరాలు. అలాంటి అడవుల్లో, వాళ్ళ భూనిర్వహణ శాఖ బంజర్లలో చాలాచోట్ల ఊరికే డేరా వేసుకోవచ్చు, మామూలుగా ఒకచోట 14 రోజుల దాకా. కానీ మీ వాణ్ణి ఒక మాట అడగండి: పక్కనే అరిజోనా రాష్ట్ర ట్రస్టు భూమి ఉంటే దానికి పర్మిట్ తీసుకున్నాడా? మ్యాప్‌లో రంగు చూసుకుని ఎవరి భూమో తేల్చుకోవడం అక్కడా తప్పదు. వేసవి వస్తే నిప్పు పెట్టడం కూడా నిషేధిస్తారు.

మన దగ్గర ఆ ఏర్పాటు ఎందుకు లేదంటే, మన అడవిలో మనుషులున్నారు. మీ రాయగడ జిల్లా మొత్తం ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన నేల. ప్రతి కొండకీ ఒక ఊరు, ప్రతి ఊరికీ ఒక గ్రామసభ. అమెరికాలో టెంటు వేస్తే పొద్దున్న దాకా ఒక్క మనిషి కనపడడు. ఇక్కడ వేస్తే పది నిమిషాల్లో "ఏ ఊరు మీది?" అంటూ ఎవరో ఒకరు వస్తారు. నాకైతే ఇదే బాగుంటుంది. కాలు బెణికితే మోసేవాడు ఉంటాడు.

ప్రశ్న: పాములంటే చచ్చేంత టెన్షన్. జ్వరాల గురించి కూడా భయపెడుతున్నారు. – పలాస నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ ఉండటమే మంచిదమ్మా, జిప్పు వేస్తారు. నేల మీద పడుకున్న వాళ్ళని రాత్రిపూట కరిచేది ఎక్కువగా కట్లపాము. నొప్పి పెద్దగా ఉండదు, చీమ కుట్టిందనుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలైతే నాటు మందు, కోతలు, కట్లు ఏవీ వద్దు. 108కి ఫోన్ చేసి, విషానికి ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. జిప్పు పూర్తిగా మూసే టెంటు, లేదా అంచులు చాప కింద దోపిన దోమతెర, ఈ రెండిట్లో ఒకటి ఉంటే భయం చాలావరకు పోతుంది. కోసిన మడిలో గట్టుకి, గడ్డివాముకి దూరంగా వెయ్యండి. ఎలుక బొరియలు అక్కడే ఉంటాయి, ఎలుక ఉన్నచోటికి అది వస్తుంది. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి.

జ్వరం సంగతికొస్తే, కొరాపుట్, రాయగడ, మల్కనగిరి, గజపతి కొండలు మలేరియాకి పాతకాపులు. ఒడిశా సర్కారు దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం పెట్టాక బాగా తగ్గింది గానీ పోలేదు. దోమతెర మానకండి. గడ్డిలో ఉండే కంటికి కనపడని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని మచ్చ పడుతుంది. ఇంటికొచ్చిన పది రోజులకో, రెండు వారాలకో జ్వరం వస్తే డాక్టరుతో "కొండలో పడుకున్నాను" అని మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు.

ప్రశ్న: రెండు వేల రూపాయల టెంటు వాన ఆపుతుందా? చలికి లోపల కుంపటి పెట్టుకోవచ్చా? – గుణుపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొదటిదానికి, కార్తీకం నుంచి మాఘం దాకా మంచు ఆపుతుంది, అది చాలు. మీద ఒక ప్లాస్టిక్ పట్టా కట్టుకోండి. రెండోదానికి, పెట్టకూడదు. బొగ్గు కుంపటి మూసిన టెంటులో వాసన లేని విషవాయువు వదులుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. రగ్గు ఇంకొకటి తీసుకెళ్ళండి.

ప్రశ్న: అన్నీ మీరు చెప్పినట్టే చేశాం, పడుకున్నాం. రాత్రి పదింటికి ఎవరో టార్చి వేసుకుంటూ టెంటు దగ్గరికి వస్తే ఏం చెయ్యాలి? – శ్రీకాకుళం నుంచి ఇద్దరు స్నేహితులు

జవాబు: లోపలి నుంచి అరవకండి. బయటికి రండి, టార్చి మీ మొహం మీదే వేసుకోండి, ఎవరింటి పెద్ద ఉండమన్నాడో పేరు చెప్పండి. సాయంత్రం అడగడం ఇక్కడ పనికొస్తుంది. మోహనా దాటాక ఒక ఊళ్ళో నాకూ ఇలాగే అయింది, పుష్యమాసం, చేతిలో కర్రతో సిద్ధంగా ఉన్నాను. వచ్చినవాడు మడి యజమాని. చంకలో ఎండుగడ్డి మోపు. కింద పరుచుకోమని తెచ్చాడు. టీ పెట్టాను, పన్నెండింటి దాకా కూర్చుని, తన అన్న రెండు లింకులు (లింకంటే గొలుసులో నూరోవంతు) లోపలికి జరిపిన సరిహద్దు రాయి గురించే మాట్లాడాడు.